కొప్పు చెదరని నిద్ర

గెయిషా అనగానే మనవాళ్లలో చాలామంది కొంటెగా నవ్వుతారు. జపాన్ భాషలో ఆ మాటకు అర్థం మాత్రం కళ తెలిసిన మనిషి అనే. నిజానికి తొలి గెయిషాలు మగవాళ్లు. విందుల్లో పాడి, నవ్వించేవాళ్లు. ఆడవాళ్లు ఈ వృత్తిలోకి వచ్చింది 18వ శతాబ్దం మధ్యలోనే.

క్యోటోలో శిష్యురాలిని మైకో అంటారు. హైస్కూలుకు వెళ్లాల్సిన పదిహేనేళ్ల వయసులో ఒకియా అనే ఇంట్లో చేరుతుంది. మూడు తీగల షమిసెన్, నాట్యం, టీ వేడుక మర్యాదలు నేర్వాలి. సొంత జుట్టుతోనే కొప్పు వేస్తారు. అది చెదరకుండా ఎత్తు దిండుపై మెడ ఆన్చి పడుకోవాలి. తిండి, కిమోనో, శిక్షణ ఖర్చు ఒకియాదే. జీతం ఉండదు, చేతి ఖర్చులకు కొంత ఇస్తారు.

రాజనీతి శాస్త్రం చదివినందుకేమో, నా చూపు చట్టం వైపు పోతుంది. జపాన్ 1956లో వ్యభిచార నిరోధక చట్టం తెచ్చినా గెయిషాల కళ జోలికి పోలేదు. ఉమ్మడి మద్రాసులో 1947 నాటి దేవదాసీ చట్టం ఆలయాల్లో నాట్యాన్నీ నిషేధించింది. మన కోస్తా కళావంతులు కళతోపాటు బతుకుతెరువూ పోగొట్టుకున్నారు. ఆ మేరకు జపాన్‌దే తెలివి.

అయితే కళ బతికితే పిల్ల క్షేమమేనా? మైకోల వెంట కెమెరాలతో పడుతున్నారని 2024లో గియోన్‌లోని ప్రైవేటు సందుల్లో పర్యాటకులకు 10,000 యెన్‌ల జరిమానా బోర్డులు పెట్టారు. మంచిదే. అంతకు రెండేళ్ల ముందు, 2022లో, మైనరుగా ఉండగానే తనచేత మద్యం తాగించారని ఒక మాజీ మైకో బయటపెడితే అక్కడ పెద్ద దుమారమే రేగింది. సంప్రదాయం ఆమెను శిష్యురాలంటుంది. నా లెక్కలో ఆమె కార్మికురాలు.