రాజీ కాగితం

2023 శీతాకాల సమావేశాల చివరి వారం. ఉభయసభల నుంచి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండైన రోజులవి. ఆ రాత్రి వార్తలు పంపి ఇంటికి బయలుదేరాను. ఢిల్లీలోని ఐటీఓ కూడలి దగ్గర ఎర్రదీపానికి ఆగి ఉన్న నా కారును వెనుక నుంచి ఒక పెద్ద కారు గుద్దింది. ఆ ఊపుకు నా కారు ముందుకు దూకి, ఎదుట నిలిచి ఉన్న ఆటోను ఢీకొంది.

పెద్ద కారు యజమాని దిగగానే అన్న మాట, నేనే హఠాత్తుగా బ్రేకు వేశానని. ఆగి ఉన్న బండికి బ్రేకు ఎలా వేస్తారో ఆయనే చెప్పాలి. ఒకవేళ వేసినా నేరం నాది కాదు. ముందున్న వాహనం ఉన్నట్టుండి ఆగినా ఢీకొనకుండా ఉండగలిగినంత దూరం పాటించాలని 2017 దాకా అమలులో ఉన్న 1989 నాటి రోడ్డు నిబంధనల్లో 23వది చెప్పేది. లారీని వెనుక నుంచి మారుతీ కారు ఢీకొన్న కేసులో 2018లో సుప్రీంకోర్టు ఈ నిబంధననే ఆధారం చేసుకుని కారు డ్రైవరుదే నిర్లక్ష్యమని తేల్చింది. నడిరోడ్డు మీద ఇవన్నీ ఎవరికి చెబుతాం?

పోలీసు వచ్చాడు. ఎవరికీ రక్తం కారలేదు కాబట్టి రాసుకుని వెళ్లిపొమ్మన్నాడు. ఎవరికీ గాయాలు లేవు, పరస్పరం ఏ క్లెయిమూ లేదు అని ఒక రాజీ కాగితం తయారైంది. పెద్ద కారాయన రెండు వేల రూపాయలు ఆటో డ్రైవరు చేతిలో పెట్టాడు. అతడు బిహార్ నుంచి వచ్చినవాడు. ఆటో కూడా అతడిది కాదు, రోజు కిరాయికి తీసుకున్నది. కాగితం పట్టుకుని నా వైపు చూశాడు. "సంతకం పెట్టనా సాబ్?" అన్నాడు. నాకు నిద్ర ముంచుకొస్తోంది. "పెట్టు భాయ్, కోర్టుల చుట్టూ ఎక్కడ తిరుగుతావు" అన్నాను.

నా క్లెయిమ్ కథ వేరే. వెనుక సొట్ట ఒక ప్రమాదం, ముందు సొట్ట మరో ప్రమాదం అని సర్వేయరు రాశాడు. రెండు క్లెయిములంటే తప్పనిసరి కోత రెండుసార్లు. ప్లాస్టిక్ భాగాలకు తరుగుదల కింద సగం ఎలాగూ పోతుంది. బిజినెస్ వార్తలు రాసే మిత్రుడి ద్వారా కంపెనీలో ఒక అధికారికి ఫోన్ చేయించాను. రెండు రోజుల్లో రెండు ప్రమాదాలు ఒకటయ్యాయి. ఐదేళ్లుగా క్లెయిమ్ చేయనందుకు దక్కిన 50 శాతం బోనస్ మాత్రం సున్నా అయింది. తప్పు ఎవరిదైనా సొంత పాలసీ మీద క్లెయిమ్ చేస్తే జరిగేది అంతే.

2024 ఆగస్టులో ఆటో డ్రైవరు ఫోన్ చేశాడు. మర్నాటి నుంచే మెడ పట్టేసిందట. వెనుక నుంచి గుద్దిన ప్రమాదాల్లో మెడనొప్పి గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడుతుంది. రెండు నెలలు బండి ఎక్కలేకపోయాడు. ఆటోకు థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉండడంతో మరమ్మతు ఖర్చును యజమాని అతడి ఖాతాలో వేశాడు. పెద్ద కారు బీమా కంపెనీకి వెళితే రాజీ కాగితం చూపించారట.

న్యాయవాది మిత్రుడిని అడిగాను. ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సింది ఆరు నెలల్లోగా అన్నాడు. 1988 చట్టంలో ఉన్న ఈ గడువును పార్లమెంటే 1994లో తీసేసింది. 2019 సవరణతో అదే పార్లమెంటు తిరిగి తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

2019 జూలైలో ఆ బిల్లు ఆమోదం పొందినప్పుడు నేను ప్రెస్ గ్యాలరీలోనే ఉన్నాను. ఆ రాత్రి పంపిన నా వార్తను మొన్న వెతికి తీశాను. తాగి నడిపితే పది వేలు, హెల్మెట్ లేకపోతే వెయ్యి, రాష్ట్రాల హక్కుల మీద ప్రతిపక్షాల అభ్యంతరం, అన్నీ ఉన్నాయి. ఆరు నెలల గడువు గురించి ఒక్క వాక్యం లేదు. సభలో గొడవ జరిగినదే మాకు వార్త.

గాయం అప్పటికి తెలియదు కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని కోరుతూ పిటిషన్ వేసి చూద్దామన్నాడు మిత్రుడు. ఫీజు నేనిస్తానన్నాను. ఆ మాట చెప్పడానికి ఫోన్ చేస్తే ఆటో డ్రైవరు కాసేపు మాట్లాడలేదు.

"మళ్లీ సంతకం పెట్టాలా సాబ్?" అని అడిగాడు.