చెవి అంచున ఒక చుక్క

మా ఇంట్లో షుగర్ మిషన్ ఉండే సొరుగు తీస్తే ఒకప్పుడు నాన్నగారొక్కరే వచ్చి కూర్చునేవారు. ఇప్పుడు ఆ చప్పుడుకి పండు కూడా వస్తాడు. పండు మా పిల్లి. వాడికి 11 ఏళ్లు.

కిందటి చలికాలం వాడు గిన్నెడు నీళ్లు తాగి మళ్లీ గిన్నె దగ్గరే నిలబడేవాడు. కడుపునిండా తింటూనే చిక్కిపోయాడు. ఒక్క గెంతులో గోడెక్కేవాడు, వెనక మడమలు నేలకానించి నడవడం మొదలుపెట్టాడు. ఆస్పత్రిలో చూస్తే షుగర్ 412. కొన్ని వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష కూడా చేసి జబ్బు ఖాయమన్నారు డాక్టరుగారు. "కానీ ఈ 412లో కొంత జబ్బుది, కొంత భయానిది. బెదిరిన పిల్లికి షుగర్ ఉన్నట్టుండి పైకి లేస్తుంది. ఇంట్లో చూడడం నేర్చుకోండి" అన్నారు.

నేర్చుకోవడం మొదటిరోజు తప్పింది. వాణ్ణి తువ్వాలులో చుట్టి, గట్టిగా పట్టుకుని, సూది పెన్ను చెవికి ఆనించి నొక్కాను. టక్కుమన్న చప్పుడుకే అదిరిపడి పారిపోయాడు. రెండు రోజులు మంచం కింది నుంచి రాలేదు. "ముందు నీ చెయ్యి వణక్కుండా చూసుకోరా" అంది అమ్మ.

తర్వాత వారం రోజులు సూది జోలికి పోలేదు. కిటికీ దగ్గర ఒకే బొంత, ఒకే వేళ. చెవి నిమరడం, ఉప్పూకారం లేని ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టడం, అంతే. ఎనిమిదో రోజు అమ్మ చేతిరుమాలులో గుప్పెడు బియ్యం మూటగట్టి, పెనం మీద వెచ్చచేసి ఇచ్చింది. చిన్నప్పుడు నా చెవిపోటుకి పెట్టిన కాపడమే అది. ముందు నా బుగ్గకి ఆనించి చూసుకుని, ఆ తర్వాతే వాడి చెవికి పెట్టాను. అర నిమిషంలో చెవి అంచున నరం ఉబ్బి కనిపించింది. చుక్క బొచ్చులోకి పాకిపోకుండా పల్చగా వేసలిన్ రాశాను. చెవి వెనక మడిచిన దూది పెట్టి, నరానికీ అంచుకీ మధ్య సన్నటి చోట సూదిని చేత్తోనే గుచ్చాను. ఆవగింజంత రక్తం ముత్యంలా నిలిచింది. స్ట్రిప్ కొస తాకించగానే పీల్చుకుంది. చెవి కమిలిపోకుండా దూదితో కాసేపు నొక్కి ఉంచాను. పండు కళ్లు సగం మూసుకునే ఉన్నాడు. అంకె 268.

సుఖంగా పరీక్ష చెయ్యడమంటే పిల్లిని ముద్దు చెయ్యడమని అంతవరకూ అనుకున్నాను. కాదు. బెదరని ఒంట్లోంచి వచ్చిన అంకే ఒంటి సంగతి నిజంగా చెబుతుంది. వాడి నిమ్మళం ఆ కొలతలో భాగం.

మనుషుల మిషన్ పిల్లి రక్తానికి సాధారణంగా కాస్త తక్కువ చూపిస్తుంది. అందుకే పండుకి జంతువుల మిషనే వేరుగా కొన్నాం, ఎప్పుడూ దాంతోనే చూస్తాం. ఇన్సులిన్ 12 గంటలకొకసారి. అంకె చూడకుండా సూది వెయ్యను. మోతాదు మార్చాలో లేదో డాక్టరుగారే చెబుతారు. 60 కంటే దిగినా, తూలినా, వణికినా చిగుళ్లకి తేనె రాసి వెంటనే ఫోన్ చెయ్యమన్నారు. ఆ తేనె సీసా మిషన్ పక్కనే ఉంటుంది.

మొన్న రోజంతా చూశాం. ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా రెండేసి గంటలకు ఒక చుక్క, మొత్తం ఏడు. ఓ చెవి తర్వాత ఇంకో చెవి. అన్నిటికన్నా దిగింది ఒంటిగంటకి, 118. చివరిసారి గుచ్చేటప్పటికి నా ఒళ్లోనే నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున నాన్నగారు బల్ల దగ్గర కూర్చున్నారు. చలికి వేళ్లు కొయ్యబారాయి. గుచ్చినా చుక్క రాక, మళ్లీ గుచ్చుకోబోతున్నారు. 14 ఏళ్లుగా అలాగే గుచ్చుకుంటున్నారు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఏమీ మాట్లాడకుండా వచ్చి, ఆ బియ్యం మూట ఆయన అరచేతిలో పెట్టి, తన చెయ్యి దానిమీద మూసింది.