కడుపులో బిడ్డ కదిలితే...

"అమ్మా, పుట్టకముందు నేను నిన్ను తన్నేదాన్నా?" అని మొన్న శుక్రవారం మా అమ్మాయి అడిగింది. "ఆ తన్నుల కోసమే కాచుకుని కూర్చునేదాన్ని" అన్నాను. ఆ సంగతి మీతోనూ పంచుకోవాలనిపించింది.

అప్పట్లో మేము అబ్బాసియాలో ఉండేవాళ్ళం. నాకు మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బుంది. సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోతాయి, పిండి కలపాలన్నా చేతులు సహకరించవు. నాడి పంపే కబురును కండరంలో అందుకునే గ్రాహకాలను మన రక్తంలోని యాంటీబాడీలే శత్రువులనుకుని దెబ్బతీస్తాయి. అవి మాయ దాటి బిడ్డనూ చేరతాయని తెలిసి, సంతోషం కన్నా భయమే ఎక్కువైంది.

డాక్టరుగారు ఐదు రేకుల పువ్వు గీసి గ్రాహకమంటే ఏమిటో చెప్పారు. పిల్లలూ, మీరూ గీయండి! రెండు రేకులు ఆల్ఫా, ఒకటి బీటా, ఒకటి డెల్టా. ఐదోది మాత్రం కడుపులో ఉన్నప్పుడు గామా. నెలలు నిండేలోపు దాని స్థానంలోకి ఎప్సిలాన్ వస్తుంది. గామా పువ్వు విచ్చుకుంటే ఎక్కువసేపు తెరిచే ఉంటుంది. ఎప్సిలాన్ పువ్వు కొద్దిసేపే తెరుచుకున్నా ఎక్కువ విద్యుత్తును పోనిస్తుంది. జపాన్‌లో షోసాకు నూమా, జర్మనీలో బెర్ట్ సాక్‌మన్ బృందాలు 1986లో ఆవుల గ్రాహకాలపై ఈ తేడాను తేల్చాయి.

పుట్టేలోపే పోయే గామాతో పనేమిటి అనుకోకండి. కడుపులో కదలకపోతే కీళ్ళు బిగుసుకుపోతాయి. కువైట్ మెడికల్ జెనెటిక్స్ సెంటర్‌లో పనిచేసిన డాక్టర్ అహ్మద్ టీబీ, కీళ్ళు ముడుచుకుని, వాటి దగ్గర చర్మం రెక్కలా సాగి పుట్టే పిల్లల గురించి 1990లో రాస్తూ, అరబ్బులలో ఇది అంత అరుదు కాదన్నారు. కొందరిలో దీనికి మూలం గామా జన్యువులోని లోపమేనని 2006లో తెలిసింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు. మేనరికాలున్న మన ఇళ్ళకూ ఇది పాఠమే.

అరుదుగా తల్లి యాంటీబాడీలు గామానే పట్టుకుని ఇంత హానీ చేస్తాయట. అందుకే రోజూ రాత్రి భోజనమయ్యాక ఎడమపక్కకు ఒత్తిగిలి కదలికలు లెక్కపెట్టేదాన్ని. మావారు కాగితం మీద గీతలు గీసేవారు. ఒక రాత్రి గీత పడలేదు. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాం. స్కానింగ్‌లో చిన్న కాలు ఆడింది. అక్కడే ఏడ్చేశాను.

పుట్టాక పాప పాలు సరిగా తాగలేకపోయింది, ఏడుపూ సన్నగా ఉండేది. మందులిచ్చారు. నా యాంటీబాడీలు తన రక్తంలో తగ్గేకొద్దీ, కొన్ని వారాల్లో కోలుకుంది.

అక్కలూ, చెల్లెళ్ళూ! కదలికలు తగ్గాయనిపిస్తే రేపటిదాకా ఆగకండి. ఏవైనా జబ్బులుంటే ముందే డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. అరమండిలో మోకాళ్ళు చక్కగా వంచి నిలబడితే, ఎప్పుడో వెళ్ళిపోయిన ఆ గామాకు మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.