కారు క్రింద నూనె మరక

మా ఇంట ఒక మారుతి 800 కారు కలదు. ఆ జాతి కార్లు మన దేశమున 1983 డిసెంబరులో మొదటిసారి వీధికెక్కినవి; 2014 జనవరిలో వాని తయారీ నిలిచిపోయినది. మాది చివరి తరము బండ్లలోనిది. మూడు సిలిండర్లు, 796 సి.సి.ల చిన్న ఇంజను. హోసూరు వీధులకది చాలును. బెంగుళూరికి పోవు 40 కిలోమీటర్ల దారికిని చాలును. మాకు ముఖ్యమైనది ఆ దారియే. మా అమ్మగారికి మూత్రపిండముల జబ్బు. వారమునకు రెండు దినములు తెల్లవారుజామున ఐదు గంటలకు బయలుదేరి, రక్తశుద్ధికై ఆమెను అచ్చటి ఆసుపత్రికి కొనిపోవలెను. మొదటినుండియు ఆమెను చూచుచున్న వైద్యులు అచ్చటనే ఉన్నారు. బస్సులో నిలువగల శక్తి ఆమెకు లేదు. తిరిగి వచ్చునప్పుడు కూర్చుండు శక్తియు ఉండదు. వెనుక సీటులో పండుకొని వచ్చును. కనుక ఆ కారు మాకు సొగసు వస్తువు కాదు.

గత వర్షాకాలమున, కారు నిలుచు చోట సిమెంటు నేలపై రూపాయి బిళ్లంత నల్లని మరక కనబడెను. వారము దినములలో అది అరచేయంత అయినది. నూనె మట్టము చూచు పుల్లను తీసి చూడగా, పై గీత దగ్గర ఉండవలసిన నూనె క్రింది గీతను తాకుచుండెను. ఒక రాత్రి కారు క్రింద పాత డబ్బా మూత పెట్టితిని. పండ్రెండు గంటలలో టీ చెంచాడు నూనె, అనగా సుమారు 5 మిల్లీలీటర్లు, చేరినది. ఆ లెక్కన దినమునకు 10, నెలకు 300 మిల్లీలీటర్లు. మూడు నెలలలో లీటరుకు దగ్గర. బండి నడచునప్పుడు నూనె వేడెక్కి పలుచనగును గాన, అప్పుడు ఇంకను ఎక్కువయే పోవుచుండవలెను.

ఇంజనులో నూనె చేయు పనిని విద్యార్థులు తెలిసికొనవలెను. లోపల తిరుగు ఇరుసునకును, దానిని మోయు బేరింగులకును నడుమ వెంట్రుక కన్న పలుచని నూనె పొర ఉండును. ఆ పొర యున్నంతవరకు లోహము లోహమును తాకదు. ఇంజను అడుగున నుండు తొట్టిని మన మెకానిక్కులు చాంబరు అందురు. ఒక పంపు అందులోని నూనెను పీల్చి పైకి పంపుచుండును. మట్టము మరీ తగ్గినచో ఆ పంపు నూనెకు బదులు గాలిని పీల్చును. కొన్ని నిమిషములలో బేరింగులు కాలి, ఇంజను బిగుసుకొనిపోవును. ముందు పలకపై ఎఱ్ఱదీపము ఉన్నది గదా యని కొందరు ధైర్యముగా నుందురు. ఆ దీపము నూనె ఒత్తిడి పడిపోయినప్పుడు వెలుగునే గాని, మట్టము తగ్గుచున్నప్పుడు వెలుగదు. అది వెలిగినదనగా ఆలస్యమైనదనియే. అత్తిబెలె దాటిన తరువాత, చీకటిలో, వెనుక సీటులో అమ్మను పెట్టుకొని నిలిచిపోవుటను తలచుకొన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి దినము లోటు నూనె పోసి, బండిని ఒక మరమ్మతు శాలకు తీసికొనిపోతిని. నెల క్రిందట నూనె మార్చినది ఆ శాలవారే. వారు బండి క్రిందికి ఒకసారి వంగి చూచి, "వెనుక ఆయిల్ సీలు పోయింది, గేరుబాక్సు దించాల, ఇంజను విప్పినాక ఇంకా ఏమేమి ఉందో" అని 25 వేల రూపాయల లెక్క చెప్పిరి. ఆ సొమ్ము నాకు రెండు నెలల మందుల ఖర్చు. కారును అమ్మివేయవలెనా యని ఇంటిలో మాటయు వచ్చినది.

బాగలూరు రోడ్డులో మా బడి పూర్వ విద్యార్థి ఒకడు చిన్న షెడ్డు పెట్టుకొన్నాడు. పేరు వేయవద్దని కోరినాడు గాన వ్రాయుట లేదు. తరగతిలో చివరి బల్లపై కూర్చుండెడివాడు; అడిగిన ప్రశ్నకు లేచి నిలుచుటకే సిగ్గుపడెడివాడు. షెడ్డులో అతడు వేరొక మనిషి. ముందు చక్రములను దిమ్మలపై కెక్కించి, వెనుక చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, ఆ మీదటనే క్రిందికి దూరెను. జాకీ నొక్కదానినే నమ్మి ఎన్నడును బండి క్రిందికి పోగూడదట.

"సార్, నూనె కారే చోటు వేరు, చుక్క పడే చోటు వేరు. బండి పోతావుంటే గాలికి వెనక్కి పాకుతుంది. వెనక అంతా తడిసిందని వెనక సీలు పోయిందనేది ఎట్లా?" అనెను. కిరోసిను గుడ్డతో ఇంజను అడుగు నంతయు తుడిచి ఆరనిచ్చెను. పిదప నవ్వుచు, "మీ జేబులో సుద్దముక్క ఉంటుంది గదా సార్" అని అడిగెను. ఉన్నది. దానిని నలిపి ఆ పొడిని చాంబరు చుట్టును, వెనుక సీలు ప్రక్కను చల్లి, ఇంజనును పావుగంట తిప్పెను. ఇద్దరము లాంతరు పట్టుకొని చూచితిమి. సీలు ప్రక్క సుద్దపొడి తెల్లగనే ఉన్నది. చాంబరు అడుగున, పాత నూనెను దింపుటకు విప్పు డ్రెయిన్ ప్లగ్గు చుట్టును మాత్రము నల్లని వలయము ఏర్పడి, మా కన్నుల ముందే ఒక చుక్క ఊరి వ్రేలాడినది. నేను ఇరువది యైదేండ్లు నల్లబల్లపై అరగదీసిన సుద్దకు ఇట్టి ఉపయోగము కలదని అంతవరకు ఎరుగను.

గోరువెచ్చని నూనెను శుభ్రమైన పళ్లెములోనికి దింపి ప్లగ్గును చేతిలో పెట్టెను. దాని తల మూలలు అరిగి గుండ్రనైనవి. మొదటి రెండు మరలు నలిగినవి. దాని మెడలో నుండవలసిన రాగి వాషరు ఒకప్రక్క పలుచనై, మరొకప్రక్క గీత పడి యుండెను. సంగతి తేటపడినది. నూనె మార్చునప్పుడు వాషరును మార్చలేదు. పాతదే వేసి, కారకుండుటకై బలముగా బిగించిరి.

రాగి మెత్తనిది. ప్లగ్గు బిగియునప్పుడు అది నలిగి, రెండు లోహముల నడుమ సందులను పూడ్చును. ఒకసారి నలిగిన రాగి గట్టిపడును. రెండవసారి నలుగదు, సందు పూడదు. క్రొత్తది దొరకని చోట పాతదానినే ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచి వాడుట కలదని అతడు చెప్పి, "ఇనుము ముంచితే గట్టిపడుతుంది, రాగి ఎందుకు మెత్తబడుతుంది సార్?" అని అడిగెను. సాగగొట్టినప్పుడు రాగిలోని రేణువుల అమరిక చెదరి గట్టిపడుననియు, కాల్చినప్పుడు ఆ రేణువులు మరల క్రొత్తగా కుదురుకొనుననియు, ఉక్కులో గట్టితనము పుట్టించు బొగ్గుపదార్థము రాగిలో లేదనియు చెప్పితిని. బండి క్రింద కూర్చుండి చెప్పిన ఆ పాఠమును అతడు తరగతిలోకన్న శ్రద్ధగా వినెను.

బిగింపునకును లెక్క కలదు. ఆ ప్లగ్గునకు సుమారు 35 న్యూటన్ మీటర్లు చాలును. 25 సెంటీమీటర్ల పానా కొనను పట్టుకొన్నచో, అది 14 కిలోల బరువు వ్రేలాడదీసినంత బలము మాత్రమే. పానాకు 60 సెంటీమీటర్ల గొట్టము తొడిగి 30 కిలోల బలము వేసినవాడు దానికి ఐదు రెట్లు బిగించినట్లు. కారుట ఆగలేదని మరింత బిగించుట వలన మరలు నలుగునే గాని, నలిగిన వాషరు కోలుకొనదు. మా అదృష్టమున చాంబరులోని మరలు చెడలేదు. వేలితో తిప్పగా క్రొత్త ప్లగ్గు తడబడకుండ ఎక్కినది.

ఇచ్చట ఒక చిన్న మాట. మనము మర యనుదానిని తమిళ మెకానిక్కులు మరై అందురు. కన్నడమున మర యనగా చెట్టు. అతని షెడ్డులో ముగ్గురు పనివాండ్రు మూడు భాషల వారు; "మర పోయింది" అన్న కేకకు ఒకడు వెదకినది చెట్టునట! ఇప్పుడు మువ్వురును నవ్వుకొందురు.

క్రొత్త ప్లగ్గు, క్రొత్త వాషరు, మూడు లీటర్ల నూనె డబ్బా: వీని ధర మాత్రమే పుచ్చుకొనెను. కూలి ఇయ్యబోగా చేతులు కట్టుకొని నిలిచెను. దింపిన పాత నూనెను కాలువలో పోయక, మూత గల పీపాలో పోసెను. వాడిన నూనె 2016 నాటి నియమముల ప్రకారము అపాయకర వ్యర్థము. దానిని శుద్ధిచేయు అనుమతి గలవారికే ఇయ్యవలెను.

డబ్బా మూతను మరల పది రాత్రులు కారు క్రింద పెట్టితిని. పొడిగనే ఉన్నది. పదునొకండవ దినము బుధవారము. ఐదు గంటలకు బయలుదేరితిమి. అత్తిబెలె దాటునప్పటికి అమ్మ నిద్రపోయినది. నా బల్ల సొరుగులో ఇప్పుడు రెండు రాగి వాషర్లు కాగితపు పొట్లములో నున్నవి. తరువాతి నూనె మార్పునకు ఇంకను రెండు వేల కిలోమీటర్లు కలవు.