గోగుపూల ప్రొఫెసరు

నవంబరు 3
కింది వాటాలో ఇంటర్ సెకండియర్ కుర్రాడు రియాక్షన్లు వల్లెవేస్తున్నాడు. కానిజారో, కోల్బె, రైమర్–టీమన్. "వీటిలో మనవాళ్లెవరూ లేరా మాస్టారూ?" అన్నాడు. టి.ఆర్. శేషాద్రి పేరు విన్నావా అన్నాను.
"శేషాద్రి ఎక్స్‌ప్రెస్సా?"

నవంబరు 5
శేషాద్రిగారు 1900లో కావేరి ఒడ్డున కుళిత్తలైలో పుట్టారు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర 1929లో డాక్టరేటు. తిన్నగా ఇంటికి రాకుండా ఆస్ట్రియా వెళ్లి, గ్రాట్స్‌లో ప్రెగ్ల్ దగ్గర సూక్ష్మ విశ్లేషణ నేర్చుకున్నారు. నన్నడిగితే అసలు మలుపు ఇదే. పాత పద్ధతిలో ఒక పదార్థంలో కార్బన్ ఎంతో, హైడ్రోజన్ ఎంతో తేల్చాలంటే దాన్ని బాగానే తగలెయ్యాలి. ప్రెగ్ల్ పద్ధతికి కొద్ది మిల్లీగ్రాములు చాలు. తట్టెడు పూలు మరిగిస్తే చిటికెడు రంగు దక్కే ఆయన పరిశోధనకు అంతకన్నా ఏం కావాలి? 1933లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాక ఆయన ముడిసరుకు పత్తిపూలు, గోగుపూలు, గంగరావి పూలు, కానుగ గింజలు. అన్నీ మన దొడ్లోవే.

నవంబరు 9
ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది మన బెజవాడలోనే. 1930లో వాల్తేరు తరలించారు. మా నాన్నగారికి చివరిదాకా ఆ ఉక్రోషం పోలేదు. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి, యూనివర్సిటీ గుంటూరు చేరింది. కృష్ణ అవతలే! శేషాద్రిగారి పూల పరిశోధన కూడా వాల్తేరు విడవాల్సి వచ్చింది.

నవంబరు 12
ఉయ్యూరు నుంచి చెల్లెలు వస్తూ గోగుపూలు తెచ్చింది. "ఆకులైతే పచ్చడి చేసుకుంటాం, పూలెందుకు అన్నయ్యా?" అంది. రేకులు మరిగించి రెండు గ్లాసుల్లో పోశాను. ఒకదాంట్లో సున్నపు తేట. లేత పసుపు ముదిరింది.
"ఫీనాలిక్ ఓహెచ్ వల్లా మాస్టారూ?" అన్నాడు కుర్రాడు.
వల్లెవేసినా బుర్ర పాడవలేదు.

నవంబరు 20
శేషాద్రిగారు వాల్తేరులో ఫార్మసీ, కెమికల్ టెక్నాలజీ విభాగాలు నిలబెట్టి 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో, 1963లో పద్మభూషణ్. 1975లో పోయారు. బిరుదులు ఢిల్లీలో వచ్చాయి, పూలు మాత్రం ఇక్కడివి.
కుర్రాడికిప్పుడు పత్తిపూలు కావాలట. గవర్నర్‌పేటలో పత్తిచేను ఎక్కణ్ణించి తేను? ఆదివారం నందిగామ బస్సెక్కాలి.