జిల్లా పేరు

మొన్న డిసెంబర్‌లో హైదరాబాద్ హాస్టల్ పిల్లలు నలుగురు "అన్నా, మీ కోనసీమ చూపించు" అని పట్టుబట్టారు. వాళ్లకి కోనసీమంటే కొబ్బరిచెట్లు, పడవలు, పూతరేకులు. సరే పదండన్నాను.

ముందు కాకినాడ వైపు కోరంగి తీసుకెళ్లాను. 1978 నుంచి అభయారణ్యం అది. 235 చదరపు కిలోమీటర్లు. చెక్కల వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా మడచెట్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు వేర్లని పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. తిల్లచెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని మా నాయనమ్మ చెప్పేది, అదీ చూపించాను. బావురుపిల్లి బొమ్మ దగ్గర పిల్లలు ఫోటోలు దిగారు. అసలు పిల్లి మాత్రం కనపడలేదు. అది రాత్రి తిరిగే జీవి.

పడవ నడిపే పెద్దాయన అన్నాడు: "1839 తుపానుకి కోరంగి రేవు ఊడ్చుకుపోయిందండీ. ఇప్పుడు ఈ మడే మమ్మల్ని కాస్తోందండీ."

వెంటనే ఒకమ్మాయి నన్నడిగింది: "96 తుపానుకి మీ పేట మునిగిందా అన్నా?"

మునిగింది. 1996 నవంబర్ 6 రాత్రి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఊళ్లో కొబ్బరిచెట్లు వరసగా కూలిపోయాయి గానీ ఇళ్లలోకి నీళ్లు రాలేదు. మా పేటలో నడుంలోతు. ఎందుకంటే ఊరు మెరక మీద ఉంది, పేట పల్లంలో, మురుగుకాలవ పక్కన. మమ్మల్ని భుజాన వేసుకుని మా నాన్న బడి అరుగు మీదకి చేర్చాడు. మా ఇంటి గోడ మాత్రం ఆ రాత్రే కరిగిపోయింది.

పిల్లలకి అదే చెప్పాను. డెల్టాలో కులాన్ని అడుగుల్లో కొలవొచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవనీళ్లొచ్చాయి. అప్పటికే భూమి ఉన్నవాళ్ల భూమి బంగారమైంది. ఆ కాలవల్లో పూడిక తీసినవాళ్లూ, ఆ చేలల్లో నాట్లేసినవాళ్లూ కూలీలుగానే మిగిలారు. మీరు ఫోటో తీసుకుంటున్న ఆ పచ్చదనంలో మా అమ్మ నడుంనొప్పి కూడా ఉంది.

సాయంత్రం యానాం దాటి, బాలయోగి వారధి మీదుగా ఎదుర్లంక వైపు వచ్చాం. లోక్‌సభకి మొదటి దళిత స్పీకర్ ఆయన, ఎదుర్లంక బిడ్డ. రాత్రి ఉండటానికి ఒక గెస్ట్‌హౌస్‌కి వెళ్లాం. మంచినీళ్లిచ్చి, ప్రయాణం ఎలా జరిగిందో అడిగి, యజమాని నెమ్మదిగా అసలు మాటకొచ్చాడు.

"మీరేవిట్లండీ?"

పిల్లలు నా మొహంలోకి చూశారు. గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్న ఎంత మెత్తగా వస్తుందో, ఎంత లోతుగా దిగుతుందో మాకు తెలుసు.

నిజం ఒకటి ఒప్పుకోవాలి. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. మంత్రి ఇల్లే తగలబడింది. ఆ వారంలోనే రైల్లో పక్కాయన "మీదే జిల్లా?" అంటే నేను "తూర్పుగోదావరి" అన్నాను. పాత పేరు వెనక దాక్కున్నాను. వేదికల మీద మైకు పట్టుకునే నేనే. ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గెస్ట్‌హౌస్ పుస్తకంలో సొంత ఊరు, జిల్లా రాయాలి. పెన్ను తీసుకుని రాశాను: డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. గడి చాలక పక్క గడిలోకి వెళ్లింది.

ఆయన చదివాడు. మళ్లీ కులం అడగలేదు. జవాబు పుస్తకంలోనే ఉంది కదా. కాసేపాగి, "రేపెక్కడికండీ?" అన్నాడు.

"కందికుప్పండీ."

"అక్కడ చూడ్డానికేముందండీ?"

మా వెనక నుంచి ఆ అమ్మాయే చెప్పింది: "బొజ్జా తారకం గారు పుట్టిన ఊరండీ. కారంచేడు, చుండూరు బాధితుల కోసం కొట్లాడిన లాయర్."

ఆయన ఏమీ అనలేదు. తాళాలిచ్చాడు.

పొద్దున్నే కందికుప్ప వెళ్లాం. 1939లో ఈ ఊళ్లో పుట్టిన మనిషి 'నది పుట్టిన గొంతుక' అని తన కవిత్వానికి ఎందుకు పేరు పెట్టుకున్నాడో ఆ కాలవగట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కోనసీమకి తప్పకుండా వెళ్లండి. మడ అడవి చూడండి, పడవెక్కండి. ఊరు ఎక్కడుందో, పేట ఎక్కడుందో కూడా చూడండి. ఎవరైనా ఏ జిల్లాకొచ్చారంటే పూర్తి పేరు చెప్పండి. మొదటిసారి గొంతు కొంచెం తడబడుతుంది. నాకూ తడబడింది.

జై భీమ్.