కవయిత్రి గొంతులో కవిత

రాసినావిడే పాఠకుల మధ్య కూర్చుని చదివి, ప్రశ్నలకు జవాబిస్తే కవిత ఇంకా లోతుగా అందుతుందని నా గట్టి నమ్మకం. షికాగో కవయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్ రాసిన ‘వీ రియల్ కూల్’నే చూడండి. బడి మానేసి పూల్ ఆడుకునే ఏడుగురు కుర్రాళ్ల మాటలవి, మొత్తం ఎనిమిదే పాదాలు. చివరిది తప్ప ప్రతి పాదమూ ‘మేము’ దగ్గరే ఆగుతుంది. అచ్చులో చూస్తే ఆ మాటను పొగరుగా, నొక్కి చదవాలనిపిస్తుంది. బ్రూక్స్ మాత్రం లోగొంతుకతో, దాదాపు మింగేసినట్టు పలికేవారు. తమ మీద తమకే నమ్మకం చాలని పిల్లల తడబాటు అలా వినపడాలని ఆమె కోరిక. పేజీ చూసి అది పట్టుకోలేమని ఆమే ఒప్పుకున్నారు. ఎంత నిజాయితీ!

కవి విప్పి చెబితే పాఠకుడి స్వేచ్ఛ పోతుందంటారు. ఆ భయం కొట్టిపారేయదగ్గది కాదు. చెప్పినదే ఏకైక అర్థమని సభ చేతులు కట్టుకుంటే చర్చ అక్కడితో సరి. అందుకే పాఠకులు ముందు తమకు తోచింది చెప్పి, ఆ తర్వాతే కవయిత్రిని వినాలి. నిజానికి మంచి కవులు తలుపు మూసెయ్యరు. ఇదే కవితలో ‘జాజ్’ అన్న మాటకు కొందరు లైంగికార్థం తీసి కవితనే నిషేధిస్తే, తన ఉద్దేశం అది కాదంటూనే, అలా చదువుకోవడం ఎవరికైనా పనికొస్తే తనకు అభ్యంతరం లేదన్నారు బ్రూక్స్.